రేవు మగమ – రేవు జ్ఞాపకం: కృష్ణపట్నం తీరంలో చారిత్రక స్థలాల పరిరక్షణ

ఉపోద్ఘాతం

చారిత్రక స్థలాల పరిరక్షణ అనగానే కోటలు, స్తూపాలు, శిల్పసంపద గల దేవాలయాలు స్ఫురించడం సహజం. రేవుల సంగతి వేరు. రేవు ఒకే కట్టడం కాదు. ఏరు సముద్రంలో కలిసే ముఖం, పడవలు ఆగే ఒడ్డు, సరకు దించే బయలు, సుంకం వసూలు చేసే చోటు, వర్తకులు కొలిచే గుడి – ఇవన్నీ కలిసినప్పుడే అది రేవు అవుతుంది. ఏరు దారి మళ్ళితే, ఇసుక మేట వేస్తే, కొత్త కట్టడాలు వస్తే ఈ అంగాలలో చాలా భాగం ఆనవాలు లేకుండా పోతుంది. చివరికి మిగిలేది గుడి, దాని గోడల మీది శాసనం, ఊరి పేరు మాత్రమే. అందుచేత కట్టడాలను లక్ష్యంగా పెట్టుకొని రూపొందిన పరిరక్షణ పథకాలకు రేవులు అంత సులభంగా లొంగవు.

నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం ఈ సమస్యకు తగిన ఉదాహరణ. కండలేరు ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, ముత్తుకూరు మండలంలో ఉన్న ఈ ఊరు మధ్యయుగంలో దేశాంతర వర్తకులు వచ్చిపోయిన పట్టణం. 2008 జూలైలో ప్రారంభమైన ఆధునిక లోతునీటి ఓడరేవు కారణంగా నేడు దేశమంతటా తెలిసిన పేరు. ఈ రెండు దశలకూ నడుమ గడిచిన ఏడు శతాబ్దాలలో ఈ తీరపు చరిత్రను నమోదు చేయడానికీ, రక్షించడానికీ, స్మరించడానికీ జరిగిన ప్రభుత్వ ప్రయత్నాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ ప్రయత్నాలు చరిత్రను గ్రంథాలకెక్కించడంలో సఫలమయ్యాయి. దానిని స్థలంతో ముడివేయడంలో వెనుకబడ్డాయి. ఆ ముడి ఎలా పడాలో చెప్పే ఆధారం ఈ ఊరి శాసనంలోనే ఉండటం గమనింపదగిన విశేషం.

కొల్లితురై అనే గండగోపాలపట్టణం

కృష్ణపట్నం అనే పేరును శ్రీకృష్ణదేవరాయలతో ముడిపెట్టడం స్థానిక సంప్రదాయం. శాసనాలు అంతకు పూర్వపు పేరును భద్రపరిచాయి. 13వ శతాబ్దికి చెందిన తమిళ శాసనాలలో ఈ ఊరు ‘కొల్లితురై’గా, ‘గండగోపాలపట్టణం’ అనే మారుపేరుతో కనిపిస్తుంది. ‘తురై’ అంటే రేవు. ‘గండగోపాల’ నెల్లూరు తెలుగు చోడుల బిరుదు. ఊరి సహజ స్వభావాన్ని చెప్పే పాతపేరు పక్కనే పాలకుల అధికారాన్ని చెప్పే కొత్తపేరు చేరడాన్ని బట్టి, ఈ రేవు మీద తెలుగు చోడులకు ప్రత్యేకమైన ఆసక్తి ఉండేదని ఊహించవచ్చు. ఇక్కడి శివాలయం మనుమసిద్ధి పేరు మీదుగా వెలసినది.

మనుమసిద్ధి అనగానే తెలుగు సాహిత్య విద్యార్థికి తిక్కన గుర్తుకు వస్తాడు. నిర్వచనోత్తర రామాయణానికి కృతిభర్త ఈ రాజే. దాయాదుల చేతిలో రాజ్యం కోల్పోయిన మనుమసిద్ధి కోసం తిక్కన ఓరుగల్లుకు వెళ్ళి గణపతిదేవుని సాయం అర్థించాడన్న కథను కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్ర చెబుతున్నది. సాహిత్య చరిత్రలు ఈ ఆస్థానాన్ని గురించి, కవి గౌరవాన్ని గురించి విస్తారంగా చర్చించాయి. ఆ ఆస్థానానికి ఆదాయం సమకూర్చిన వనరులలో ఒకటైన రేవును గురించి చెప్పింది తక్కువ. తిక్కన కాలపు నెల్లూరు సీమను అర్థం చేసుకోవడానికి పెన్న ఒడ్డు ఎంత ముఖ్యమో కండలేరు ముఖం కూడా అంత ముఖ్యమే.

ఇక్కడి శాసనాలలో చరిత్రకారులను ఎక్కువగా ఆకర్షించింది వర్తక సమయాల శాసనం. వివిధ నాడులకు, నగరాలకు చెందిన వర్తకులు, ‘పదునెనిమిది విషయాల’ వారుగా ప్రసిద్ధులైన దేశాంతర వర్తకులు సమావేశమై, ఈ రేవులో ఎగుమతి దిగుమతి అయ్యే సరకుల మీద కొంత భాగాన్ని దేవాలయానికి ఇవ్వడానికి ఒప్పుకొన్నారు. ఇది రాజు విధించిన సుంకం కాదు. వ్యాపారులు తమకు తామే ఏర్పరచుకొన్న కట్టుబాటు. తెలుగు వర్తకుల వాడుకలో ‘మగమ’ అనే మాట ఇటువంటి వితరణనే సూచిస్తుంది. రేవు మీద బతికేవారు రేవులోని ఉమ్మడి స్థలాన్ని పోషించే బాధ్యతను రాతిలో చెక్కించి ప్రకటించారన్నమాట.

ఈ శాసనాన్ని మోటుపల్లి శాసనం పక్కన పెట్టి చూసినప్పుడు దాని ప్రత్యేకత మరింత స్పష్టమవుతుంది. శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244–45లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకు రాజు ఇచ్చిన హామీ. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన సరకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారనీ, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో ప్రకటించాడు. కర్పూరం, చందనం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు వంటి సరకుల మీది సుంకాలు కూడా అందులో ఉన్నాయి. మోటుపల్లిలో మాట్లాడింది రాజు. కొల్లితురైలో మాట్లాడింది వర్తకులు. తూర్పు తీర వాణిజ్య వ్యవస్థను సమగ్రంగా గ్రహించడానికి ఈ రెండు స్వరాలూ అవసరమే.

గ్రంథస్థమైన చరిత్ర

ఈ తీరపు చరిత్రను సేకరించే ప్రయత్నాలు 19వ శతాబ్ది ఆరంభం నుంచీ కనిపిస్తాయి. కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయనకు తోడుగా నిలిచిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు కరణాల దఫ్తరాల నుంచి, వృద్ధుల నోటి నుంచి, దేవాలయాల గోడల నుంచి సమాచారం సేకరించారు. అలా సిద్ధమైన కైఫియత్తులు గ్రామ చరిత్రకు నేటికీ మూలాధారాలు. 1873లో జె.ఎ.సి. బోస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్‌ను వెలువరించాడు. 1882, 1884లలో రాబర్ట్ సూయల్ మద్రాసు రాజధానిలోని పురావశేషాల పట్టికలను ప్రచురించాడు. 1886లో హుల్ట్‌ష్ ప్రభుత్వ శాసన పరిశోధకుడుగా నియమితుడైన తరువాత శాసనాల నకళ్ళు తీయడం క్రమబద్ధమైంది.

నెల్లూరు విషయంలో ఈ కృషికి పరాకాష్ఠ 1905లో మూడు సంపుటాలుగా వెలువడిన నెల్లూరు జిల్లా శాసనాల సంకలనం. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి దీనికి సంపాదకులు. ఒక జిల్లా శాసనాలన్నిటినీ ఒకచోట చేర్చాలన్న సంకల్పం ఆ కాలానికి కొత్తది. కొల్లితురై వర్తకుల కట్టుబాటు విద్వల్లోకానికి అందుబాటులోకి రావడానికి ఈ సంకలనమే కారణం. దక్షిణ భారత వర్తక సమయాల మీద, హిందూ మహాసముద్ర వాణిజ్యం మీద తరువాత జరిగిన పరిశోధన దీని మీద ఎంతగానో ఆధారపడింది.

అయితే నమోదు వేరు, పరిరక్షణ వేరు. శాసన పాఠం అచ్చుకెక్కిన తరువాత రాయితో పని తీరిపోయిందన్న భావన ఈ పద్ధతిలో అంతర్లీనంగా ఉంది. పాఠం ప్రపంచమంతటా ఉదాహృతమవుతుంటే, అది పుట్టిన గోడకు సున్నం పడుతుందా, జీర్ణోద్ధరణలో పలకరాళ్ళు కప్పుతాయా అన్నది సంపాదకుల పరిధిలోని విషయం కాదు. పైగా సంకలనం నాటి తాలూకాల క్రమంలో సాగింది. కృష్ణపట్నం శాసనాలు అందులో గూడూరు తాలూకా కింద ఉన్నాయి. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కృష్ణపట్నం ముత్తుకూరు మండలంలో చేరింది. స్థానిక పాఠశాల ఉపాధ్యాయుడో, పంచాయతీ సభ్యుడో తన ఊరి శాసనాన్ని వెతకాలంటే మొదట తన ఊరు ఒకప్పుడు ఏ తాలూకాలో ఉండేదో తెలుసుకోవాలి. అటు భాషలో కూడా ఒక దూరం ఉంది. శాసనాలు తమిళంలో, సంకలనం పీఠిక వ్యాఖ్యలు ఆంగ్లంలో, ఊరి వాడుక తెలుగులో. చరిత్ర భద్రంగా ఉంది గాని ఊరి చేతికి అందలేదు.

చట్టం – జాబితా

20వ శతాబ్దిలో పరిరక్షణ చట్టరూపం దాల్చింది. 1904 ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం తరువాత, స్వతంత్ర భారతంలో 1958 కేంద్ర చట్టం, 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. జాతీయ ప్రాముఖ్యం గలవాటిని కేంద్రం, మిగిలినవాటిని రాష్ట్రం రక్షిత కట్టడాలుగా ప్రకటించే ఏర్పాటు ఇది. 2010 సవరణతో కేంద్ర రక్షిత స్థలాల చుట్టూ 100 మీటర్ల మేర నిషిద్ధ ప్రాంతం, దాని వెలుపల మరో 200 మీటర్ల మేర నియంత్రిత ప్రాంతం ఏర్పడ్డాయి. ఈ చట్టాల బలం ప్రకటనలో ఉంది. ప్రకటన వెలువడిన స్థలానికి కంచె, బోర్డు, కాపలా వస్తాయి. ప్రకటన లేని స్థలానికి చరిత్ర ఎంత ఉన్నా చట్టం దృష్టిలో ఉనికి లేదు.

తీరప్రాంతంలో ఈ తేడాకు తీవ్ర పర్యవసానాలు ఉన్నాయి. 2006 పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం, ఓడరేవుల వంటి ప్రాజెక్టుల దరఖాస్తులో 15 కిలోమీటర్ల పరిధిలో చట్టం రక్షించే సాంస్కృతిక ప్రాధాన్య స్థలాలను పేర్కొనాలి. 2011, 2019 తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటనలు పురావస్తు ప్రాముఖ్యం గల కట్టడాలను, వారసత్వ స్థలాలను అత్యంత సున్నితమైన మొదటి శ్రేణిలో చేర్చాయి. అంటే నిబంధనలలో చరిత్రకు చోటు ఉంది. కాని ఆ గడిని నింపవలసింది పూర్వం సిద్ధమైన జాబితా. తీరంలోని పాత రేవుల ఆనవాళ్ళు, ఇసుకలో కలిసిన పెంకులు, విడి శాసన శిలలు ఏ జాబితాకూ ఎక్కకపోతే దరఖాస్తులోని గడి ఖాళీగానే మిగులుతుంది; ఆ ఖాళీకే ‘ఏమీ లేదు’ అన్న అర్థం వస్తుంది.

దుగరాజపట్నం, బకింగ్‌హాం కాలువ

కృష్ణపట్నానికి దక్షిణంగా ఉన్న దుగరాజపట్నం ఇందుకు మరో నిదర్శనం. ఆంగ్లేయుల రికార్డులలో ‘ఆర్మగాన్’గా కనిపించే ఈ ఊరిలో 1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఏర్పడింది. సాయం చేసిన ఆర్ముగం మొదలియారు పేరే ఆ స్థావరానికి వచ్చిందని ప్రసిద్ధి. కోరమండల్ తీరంలో ఆంగ్లేయులు ఫిరంగులతో పటిష్ఠం చేసుకొన్న తొలి స్థావరం ఇదే. ఇక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసపట్నంలో స్థలం సంపాదించాడు. అక్కడ సెయింట్ జార్జి కోట లేచిన తరువాత దుగరాజపట్నం స్థావరం మూతపడింది. చెన్నై నగరం తన పుట్టుకను ఏటా ఆగస్టులో వేడుకగా జరుపుకొంటున్నది. ఆ పుట్టుకకు ముందటి అంకం నడిచిన తెలుగు తీరానికి ఆ వేడుకలో చోటు లేదు.

ఈ ఊరు 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో మళ్ళీ కనిపించింది. ఇక్కడ కొత్త ప్రధాన ఓడరేవును నిర్మించాలని ఆ చట్టం పదమూడవ షెడ్యూలు నిర్దేశించింది. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం, పులికాట్ పక్షి ఆశ్రయం సమీపంలో ఉండటం చర్చకు వచ్చింది. 17వ శతాబ్దపు స్థావరం ఆ చర్చలో అంశం కాలేదు. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్వ్యవస్థీకరణలో దుగరాజపట్నం తిరుపతి జిల్లాలో చేరగా కృష్ణపట్నం నెల్లూరులో నిలిచింది. ఒకే తీర చరిత్రకు చెందిన రెండు రేవులు రెండు జిల్లాల దస్త్రాలకు చెందినవయ్యాయి.

ఈ తీరాన్ని ఒక్కటిగా కలిపిన కట్టడం బకింగ్‌హాం కాలువ. 1806 నుంచి మద్రాసు ఉత్తరానికి ముక్కలు ముక్కలుగా సాగిన ఈ కాలువను 1876–78 మహాక్షామంలో కరువు పనిగా పొడిగించారు. అప్పటి గవర్నరు పేరు దానికి వచ్చింది. తవ్విన కూలీల పేర్లు ఎక్కడా లేవు. ఉప్పు, ధాన్యం, వంటచెరకు మోసిన పడవల దారి అది. కాలువను జలమార్గంగా పునరుద్ధరించే ఆలోచనలు సాగాయి. 2008లో అది నాలుగవ జాతీయ జలమార్గంలో భాగమైంది. కరువు జ్ఞాపకంగా దానిని గుర్తించే ఆలోచన మాత్రం ఆ ప్రణాళికలలో భాగం కాలేదు.

పర్యాటక వలయం – పల్లిపాడు ఆశ్రమం

ఇటీవలి దశలో పరిరక్షణ పర్యాటకంలో అంతర్భాగమైంది. కేంద్ర ప్రభుత్వ స్వదేశ్ దర్శన్ పథకం కింద 2015–16లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు తీర వలయం మంజూరైంది. పులికాట్ సరస్సు, ఉబ్బలమడుగు జలపాతం, నేలపట్టు, కొత్తకోడూరు, మైపాడు, రామతీర్థం, ఇసకపల్లి అందులోని స్థలాలు. పక్షులు, జలపాతం, సముద్రతీరాలు, తీర్థం ఈ పట్టికలో ఉన్నాయి. కృష్ణపట్నం, దుగరాజపట్నం లేవు. తీరాన్ని వినోదస్థలంగా చూసిన దృష్టికి అది వాణిజ్యచరిత్ర నడిచిన నేలగా కనిపించలేదు. సందర్శకుడికి చూపడానికి నిలువెత్తు కట్టడం కావాలన్న భావన రేవులకు ప్రతికూలంగా పనిచేసింది.

ఇదే జిల్లాలో వేరు మార్గం చూపే ఉదాహరణ పల్లిపాడు. పెన్న ఒడ్డున ఇందుకూరుపేట మండలంలోని పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాని స్థాపకులు. పొణకా కనకమ్మ స్థలం సమకూర్చారు. శిల్పపరంగా అది గొప్ప కట్టడమేమీ కాదు. దానిని నిలబెట్టింది స్మృతితో ముడిపడిన కార్యక్రమం: జయంతులు, విద్యార్థుల సందర్శనలు, స్థానిక సంస్థల నిర్వహణ. స్థలానికి ఒక పని, ఒక సంరక్షకుడు ఉన్నప్పుడు సాధారణ కట్టడం కూడా జ్ఞాపకస్థలంగా నిలుస్తుందని ఇది తెలుపుతున్నది.

కట్టడాలు తక్కువగా మిగిలిన రేవులను స్మరించే పద్ధతులు పొరుగు రాష్ట్రాలలో ఉన్నాయి. కేరళలో 2007 నుంచి పట్టణం గ్రామంలో తవ్వకాలు సాగాయి. అదే ప్రాచీన ముచిరి రేవు అన్న నిర్ణయం మీద పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నా, ముజిరిస్ వారసత్వ ప్రాజెక్టు ఒక గుంటకు పరిమితం కాలేదు. పరవూరు యూదు ప్రార్థనామందిరం, పాలియం భవనాలు, కొట్టప్పురం కోట వంటి వాటిని జలమార్గంతో కలిపి ఒక ప్రాంతాన్నే ప్రదర్శనశాలగా మలిచింది. తమిళనాడులోని తరంగంబాడిలో డేనిష్ కోటను రాష్ట్ర పురావస్తు శాఖ డెన్మార్కు మిత్రబృందంతో కలిసి బాగుచేసింది. మొదటిదానిలో ప్రాంతమంతా ఒక యూనిట్టు. రెండవదానిలో దూరదేశపు ఆసక్తికి స్థానిక శాఖ తోడు. నెల్లూరు తీరానికి ఎక్కువగా సరిపడేది మొదటి పద్ధతి. ఇక్కడ కాలువ ఉంది, ఉప్పుటేళ్ళు ఉన్నాయి, ఒకదానికొకటి చరిత్రలో సంబంధం గల రేవులు ఉన్నాయి.

మగమ నుంచి సామాజిక బాధ్యత దాకా

వ్యయం ఎవరు భరించాలన్నది ఇటువంటి ప్రతి ఆలోచనకూ ఎదురయ్యే ప్రశ్న. 13వ శతాబ్దిలో ఈ రేవు ఆ ప్రశ్నకు తనదైన సమాధానం చెప్పింది. ఓడ సరకు నుంచి ఒక భాగం. నేటి న్యాయవ్యవస్థలో దానికి దగ్గరగా వచ్చే ఏర్పాటు 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను. నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గడచిన మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. తాము పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. అనుమతించిన పనుల జాబితా అయిన ఏడవ షెడ్యూలులో విద్య, ఆరోగ్యంతోపాటు జాతీయ వారసత్వ పరిరక్షణ, చారిత్రక ప్రాముఖ్యం గల భవనాల, స్థలాల పునరుద్ధరణ కూడా ఉన్నాయి.

ఈ రెండింటినీ పూర్తిగా ఒకటిగా భావించడం సరికాదు. మధ్యయుగపు వితరణ భక్తితో, వర్తక సమయాల ప్రతిష్ఠతో, దేవాలయ సాక్షిగా ఏర్పడిన నమ్మకంతో ముడిపడింది. నేటిది చట్టం విధించిన బాధ్యత. ఆనాటి వర్తకులు తామే నిర్ణేతలు. నేడు కంపెనీ పాలకమండలి, జిల్లా యంత్రాంగం, గ్రామస్థులు వేర్వేరు పక్షాలు. తీరగ్రామాలకు తాగునీరు, వైద్యం, మత్స్యకారుల జీవనోపాధి ముందు అవసరాలన్న వాదం బలమైనదే. వాటిని తగ్గించి శాసనాలకు ఖర్చు పెట్టమనడం న్యాయం కాదు. కాని నకళ్ళు తీయడానికి, తెలుగులో ఫలకం నిలపడానికి, ఊరి బడిలో ఒక గది ప్రదర్శనకు కేటాయించడానికి అయ్యే ఖర్చు ఓడరేవు స్థాయిలో స్వల్పం. రేవు ఆదాయం రేవు జ్ఞాపకాన్ని పోషించడం ఈ నేలకు కొత్త కాదన్నదే పోలికలోని సారం.

డబ్బుకన్నా ముందు కావలసింది జాబితా. గూడూరు తాలూకా సంపుటంలోని ప్రతి శాసనాన్నీ నేటి మండలం, గ్రామం, స్థలం పేరుతో సరిచూసి, రాయి ప్రస్తుత స్థితిని ఛాయాచిత్రంతో నమోదు చేయడం తొలి పని. తమిళ పాఠాలను తెలుగు లిపిలో, తెలుగు తాత్పర్యంతో ఊరికి అందించడం రెండవది. ఇది విశ్వవిద్యాలయ తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేయగలిగిన పని. పదకొండవ షెడ్యూలు పంచాయతీలకు అప్పగించగల అంశాలలో సాంస్కృతిక కార్యకలాపాలను చేర్చింది కనుక, ఆ జాబితాను గ్రామసభ ఆమోదించే వీలుంది. అలా ఆమోదించిన పత్రం దస్త్రంలో ఉంటే, తరువాత వచ్చే ఏ ప్రాజెక్టు దరఖాస్తులోనూ ఆ గడిని ఖాళీగా వదలడం సులభం కాదు.

ముగింపు

కృష్ణపట్నం తీరంలో పరిరక్షణ మూడు రూపాలలో సాగింది. సేకర్తలు పాఠాన్ని గ్రంథంలోకి తెచ్చారు. చట్టం ప్రకటించిన కట్టడాన్ని కాపాడింది. పర్యాటకం చూడచక్కని చోట్లను ఎంచుకొంది. మూడింటి కృషీ విలువైనదే. మూడింటి మధ్య రేవు అనే సమగ్ర స్థలం జారిపోయింది. కొత్త ఓడరేవు ఏటి ముఖాన్ని, ఒడ్డును, దారులను శాశ్వతంగా మార్చివేసిన ఈ కాలంలో, పాత రేవును నేల మీద గుర్తుపట్టగల అవకాశం తరానికి తరానికీ సన్నగిల్లుతున్నది. తిక్కన కాలపు నెల్లూరును బోధించే శాఖలకు ఆ కాలపు రేవు గ్రంథంలోని పేరు మాత్రమే కారాదు. కొల్లితురై వర్తకులు తమ కట్టుబాటును తాళపత్రం మీద కాక, వచ్చిపోయేవారంతా చూసే రాతి మీద చెక్కించారు. ఆ మాటను తిరిగి ఆ చోటనే చదవగలిగేలా చేయడం ఈ తీరంలో చేపట్టబోయే ఏ స్మారక కార్యక్రమానికైనా ప్రథమ కర్తవ్యం.